ఆంగ్ల పదజంటల తడబాటు: తెలుగు వ్యాకరణం చూపే పరిష్కారం

వ్యాస సంగ్రహం

ఆంగ్లం నేర్చుకొనే తెలుగు విద్యార్థులు ‘లెండ్-బారో’, ‘రైజ్-రెయిజ్’, ‘సిన్స్-ఫర్’, ‘హియర్-లిజన్’ వంటి పదజంటల వద్ద తరచుగా తడబడుతుంటారు. పోటీపరీక్షల పుస్తకాలు, తరగతి నోట్సులు ఈ జంటలన్నింటినీ ఒకే పట్టికలో పక్కపక్కన చేర్చి, ఒక్కొక్క పదానికి ఒక్కొక్క అర్థం ఇచ్చి ఊరుకుంటాయి. ఈ తడబాట్లకు ధ్వని, అర్థం, అరువుపదం అనే వేర్వేరు మూలాలున్నాయని, మూలాన్ని బట్టి బోధన మారాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ముఖ్యంగా అర్థమూలకమైన తడబాట్లలో చాలావాటికి కావలసిన భేదం తెలుగు వ్యాకరణంలోనే ఉందని, నిఘంటువు నుండి ఒకే పదాన్ని ఏరి తెచ్చుకొనే అలవాటు ఆ భేదాన్ని విద్యార్థికి కనబడకుండా చేస్తున్నదని ఉదాహరణలతో నిరూపిస్తుంది.

కీలక పదాలు: పదజంటలు, వ్యత్యాస భాషాశాస్త్రం, అకర్మక-సకర్మక క్రియలు, కు-ప్రత్యయం, అరువుపదాలు, ద్విభాషా బోధన.

1. ఉపోద్ఘాతం

రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్లమాధ్యమం ఇటీవలి కాలంలో విస్తరించింది. తెలంగాణలో 2022-23 విద్యాసంవత్సరం నుండి ప్రభుత్వ బడులలో ఆంగ్లమాధ్యమ బోధన విస్తృతంగా అమలులోకి వచ్చింది. ఇంట్లో తెలుగు మాత్రమే వినే పిల్లలు బడిలో అన్ని విషయాలనూ ఆంగ్లంలో చదువవలసిన పరిస్థితి ఏర్పడింది. వీరు డిగ్రీ స్థాయికి వచ్చేసరికి పదసంపద కొంత పెరుగుతుంది. కాని దగ్గరి పదాల నడుమ భేదం తెలియక తడబడటం మాత్రం మిగిలిపోతుంది. బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ వంటి పోటీపరీక్షలలో తప్పును గుర్తించే ప్రశ్నలు ఈ తడబాటునే పరీక్షిస్తాయి.

దీని పర్యవసానం మార్కులకే పరిమితం కాదు. రుణపత్రంలో ‘లెండర్’ ఎవరో, ‘బారోయర్’ ఎవరో తారుమారుగా అర్థం చేసుకొన్న వ్యక్తి తన బాధ్యతనే పొరబడతాడు. ఉద్యోగ ప్రకటనలో ‘బై’, ‘అంటిల్’ అనే మాటల భేదం తెలియని అభ్యర్థి గడువును తప్పుగా లెక్కిస్తాడు. ఇటువంటి పొరపాటు చేసిన విద్యార్థికి విషయజ్ఞానమే లేదని ఎదుటివారు తీర్మానించే ప్రమాదమూ ఉంది.

ఈ సమస్యకు తరగతి గదుల్లో వినిపించే సాధారణ సూచన ‘తెలుగులో ఆలోచించవద్దు’ అన్నది. ఆ సూచన ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. సిద్ధాంత నేపథ్యం

మాతృభాషకు, నేర్చుకొనే భాషకు ఉన్న భేదాలను పోల్చి చూస్తే అభ్యాసకుల కష్టాలను ముందుగానే ఊహించవచ్చునని రాబర్ట్ లాడో 1957లో ప్రతిపాదించాడు. వ్యత్యాస భాషాశాస్త్రానికి ఈ ప్రతిపాదన బలమైన పునాది వేసింది. అభ్యాసకుని దోషం అజ్ఞానానికి గుర్తు కాదని, అతడు భాషానియమాలను తనలో ఎలా నిర్మించుకొంటున్నాడో తెలిపే సాక్ష్యమని ఎస్. పిట్ కోర్డర్ 1967లో వివరించాడు. మాతృభాషకూ లక్ష్యభాషకూ నడుమ అభ్యాసకుడు నిర్మించుకొనే ఈ వ్యవస్థను లారీ సెలింకర్ 1972లో ‘ఇంటర్‌లాంగ్వేజ్’ అన్నాడు. తెలుగులో దీనిని అంతరభాష అనవచ్చు.

స్టాక్‌వెల్, బోవెన్, మార్టిన్‌లు ఆంగ్ల, స్పానిష్ భాషలను పోల్చుతూ 1965లో అభ్యసన కష్టాలకు ఒక శ్రేణిని ఏర్పరచారు. మాతృభాషలో ఒకటిగా ఉన్న అంశం లక్ష్యభాషలో రెండుగా చీలడాన్ని ఈ సంప్రదాయంలో ‘స్ప్లిట్’ అంటారు. దీనిని అత్యంత క్లిష్టమైన స్థితులలో ఒకటిగా పరిగణిస్తారు. తెలుగులో ‘చేయు’ ఒక్కటే ఉండగా ఆంగ్లంలో ‘డూ’, ‘మేక్’ అనే రెండు క్రియలుండటం ఇందుకు ఉదాహరణ. రూపంలో పోలిక వల్ల తారుమారయ్యే పదాలను బాటియా లాఫర్ 1988లో ‘సిన్‌ఫామ్స్’ పేరుతో ప్రత్యేకంగా అధ్యయనం చేసింది. వీటిని సరూప పదాలుగా పేర్కొనవచ్చు.

ఈ పరిశోధనలన్నీ కలిసి స్పష్టం చేసే విషయం ఒకటుంది. పైకి ఒకేలా కనిపించే తడబాట్లకు కారణాలు వేరువేరు. కారణాన్ని గుర్తించని సవరణ విద్యార్థికి ఆ ఒక్క వాక్యంలో ఉపకరించవచ్చునే గాని, తరువాతి వాక్యంలో ఉపకరించదు.

3. ధ్వనిమూలకమైన తడబాట్లు

తెలుగు లిపి ఆంగ్లధ్వనులను రాసే తీరులోనే మొదటి రకం తడబాటు బయటపడుతుంది. ద్రాక్షతీగ అనే అర్థమిచ్చే పదాన్నీ, ద్రాక్షసారాయి అనే అర్థమిచ్చే పదాన్నీ తెలుగులో ‘వైన్’ అనే రాస్తారు. పడమర, లోదుస్తు అనే రెండు వేర్వేరు అర్థాల పదాలూ ‘వెస్ట్’ అనే రూపంలోనే ఒదుగుతాయి. ఆంగ్లంలో ఒకటి పై పళ్ళు కింది పెదవికి తగిలితే పుట్టే ధ్వని, మరొకటి రెండు పెదవులను గుండ్రంగా చేస్తే పుట్టే ధ్వని. తెలుగులో ‘వ’కారం ఒక్కటే కావడం వల్ల ఈ భేదం చెవికి ఆనదు. చెవికి ఆననిది రాతలోనూ నిలవదు.

‘జెడ్’ అక్షరం సూచించే ధ్వని విషయంలో పరిస్థితి కొంత భిన్నం. పరిహాసం అనే అర్థంలోని పదమూ, ఉత్సాహం అనే అర్థంలోని పదమూ తెలుగు రాతలో ‘జెస్ట్’గానే ఉన్నా, రెండవదాని మొదటి ధ్వనికి దగ్గరి ధ్వని తెలుగులో ఉంది. అది దంత్య ‘ౙ’కారం. ‘ౙడ’, ‘ౙాము’ వంటి తెలుగు మాటలలోను, అన్యదేశ్యాలైన ‘రోౙు’, ‘బౙారు’ వంటి మాటలలోను ఇది వినబడుతుంది. సంప్రదాయ వ్యాకరణం తాలవ్య, దంత్య భేదాన్ని స్పష్టంగా చెప్పింది. ‘జాతి’లోని తాలవ్య జకారానికీ ‘ౙడ’లోని దంత్య జకారానికీ ఉన్న తేడాను ఒకసారి పలికించి చూపితే, విద్యార్థి నాలుక కొత్త ధ్వనికి సగం దూరం చేరినట్లే. మిగిలిన సగం, ధ్వనిని ఆపకుండా ఊదుతూ పలకడం.

ఈ వర్గంలోనే మరొక ఉపవర్గం ఉంది. ప్రధానాచార్యుడు, సూత్రం అనే అర్థాల్లోని రెండు పదాలూ ఆంగ్లేయుల నోటనూ ‘ప్రిన్సిపల్’ అనే ఒకేలా వినబడతాయి. కదలనిది, రాతసామగ్రి అనే అర్థాల్లోని ‘స్టేషనరీ’లూ అంతే. వీటి వద్ద తడబాటుకు తెలుగుతో సంబంధం లేదు. ఆంగ్లం మాతృభాషగా గలవారూ వీటిని తారుమారు చేస్తారు. ఇక్కడ పదచరిత్ర ఉపకరిస్తుంది. మధ్యయుగ ఐరోపాలో తిరుగుతూ అమ్మే వర్తకుల నడుమ, విశ్వవిద్యాలయాల వద్ద ఒకే చోట స్థిరంగా దుకాణం పెట్టుకొన్న పుస్తక విక్రేతకు ‘స్టేషనర్’ అన్న పేరు వచ్చింది. రాతసామగ్రిని చెప్పే పదం ఆ వర్తకుని పేరుకు చివర ‘వై’ చేరగా ఏర్పడినది కాబట్టి దాని స్పెల్లింగులో ‘ఇ’ అక్షరం నిలిచింది. ‘క్వైట్’, ‘క్వయట్’ వంటి సరూప పదాలకు మాత్రం చరిత్ర కంటే అక్షరక్రమాన్ని గట్టిగా చదివించడమే మేలు.

4. నామం వెంట నడిచే క్రియ: ‘లెండ్-బారో’ తరహా తడబాట్లు

అర్థమూలకమైన తడబాట్లలో ఇది ప్రధానమైన వర్గం. ‘లెండ్’ అంటే ఏమిటని అడిగితే చాలామంది విద్యార్థులు ‘అప్పు’ అంటారు. ‘బారో’ అన్నా అదే సమాధానం. ఇక రెండింటికీ తేడా తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

వాస్తవానికి తెలుగులో ఈ భేదం ఏ పసివాడూ పొరబడనంత స్పష్టంగా ఉంది. ‘అప్పు ఇచ్చాడు’, ‘అప్పు తీసుకొన్నాడు’ అనే వాక్యాలను తారుమారు చేసే తెలుగువాడు ఉండడు. తెలుగు ఇంకా సూక్ష్మమైన భేదాలనూ పాటిస్తుంది. డబ్బు తీసుకొని అంతే విలువను తిరిగి ఇచ్చేది అప్పు. స్వల్పకాలానికి నమ్మకం మీద పుచ్చుకొనేది చేబదులు. తీసుకొన్న వస్తువునే తిరిగి అప్పగించవలసినది ఎరువు. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అనే సామెత ఈ మూడవదాని గురించే. అయితే ఈ నామాలలో దేనికీ దిశ లేదు. దిశను చెప్పేది వెంట వచ్చే ‘ఇచ్చు’, ‘తీసుకొను’ అనే క్రియలు. ఆంగ్లం ఆ దిశను క్రియాధాతువులోనే ఇమిడ్చింది. విద్యార్థి నామాన్ని మాత్రం కంఠస్థం చేసి క్రియను వదిలివేసినప్పుడు భేదమంతా జారిపోతుంది.

ఇదే నిర్మాణం మరికొన్ని జంటలలో కనిపిస్తుంది. ‘రిమెంబర్’, ‘రిమైండ్’ రెండింటినీ ‘గుర్తు’ అనే మాటతో ముడిపెట్టిన విద్యార్థి ‘రేపు నాకు గుర్తుచేయండి’ అనవలసిన చోట ‘రిమెంబర్ మి’ అంటాడు. ఎదుటివారికి అది ‘నన్ను గుర్తుంచుకోండి’ అనే వీడ్కోలు మాటలా వినబడుతుంది. ‘గుర్తుండు’, ‘గుర్తుంచుకొను’ అనేవి ‘రిమెంబర్’ అని, ‘గుర్తుచేయు’ అనేది ‘రిమైండ్’ అని క్రియతో సహా చెప్పినప్పుడు పొరపాటుకు తావుండదు. ‘అడ్వైస్’ అంటే సలహా, ‘అడ్వైజ్’ అంటే సలహా ఇచ్చు. ‘ఎఫెక్ట్’ అంటే ప్రభావం, ‘అఫెక్ట్’ అంటే ప్రభావం చూపు. ‘ఎఫెక్ట్’ క్రియగా వచ్చే అరుదైన సందర్భంలో అది ‘తీసుకువచ్చు’, ‘నెరవేర్చు’ అనే అర్థమిస్తుంది; మార్పును కలిగించడం వేరు, ఉన్నదానిమీద ప్రభావం చూపడం వేరు.

నిఘంటువుల వాడుకలో ఇక్కడొక మెలకువ అవసరం. సి.పి. బ్రౌన్ 1852లో వెలువరించిన తెలుగు-ఆంగ్ల నిఘంటువులో అనేక ఆరోపాలకు ప్రయోగాలు కూడా ఉన్నాయి. పదాన్ని వాక్యంలో చూపడం నిఘంటుకారులకు కొత్త కాదు. తరగతి నోట్సులోకి వచ్చేసరికి ఆ ప్రయోగాలు రాలిపోయి, సమానచిహ్నానికి అటొక మాట, ఇటొక మాట మిగులుతున్నాయి. తడబాటుకు బీజం ఈ సంక్షిప్తీకరణలో ఉంది.

5. అకర్మక-సకర్మక భేదం: ‘రైజ్-రెయిజ్’ తరహా తడబాట్లు

‘ధరలు పెరిగాయి’, ‘ధరలు పెంచారు’ అనే వాక్యాలను ఏ తెలుగువాడూ కలగలపడు. మొదటిది ‘రైజ్’, రెండవది ‘రెయిజ్’. తెలుగులో అకర్మక క్రియ నుండి సకర్మక క్రియ ఏర్పడే పద్ధతి ఈనాటికీ సజీవంగా ఉంది: మారు-మార్చు, కాలు-కాల్చు, దిగు-దించు, మునుగు-ముంచు, వంగు-వంచు, లేచు-లేపు. వీటికి పైన ‘ఇంచు’ చేరిన ప్రేరణ రూపాలున్నాయి. బాలవ్యాకరణం క్రియాపరిచ్ఛేదంలో చదివిన విద్యార్థికి ఈ విభాగం సుపరిచితమే.

ప్రాచీన జర్మానిక్ భాషలలోనూ ఇటువంటి పద్ధతి ఉండేది. ధాతువుకు ఒక ప్రత్యయం చేరి, దాని ప్రభావం వల్ల అచ్చు మారి ప్రేరణార్థం వచ్చేది. ఆధునిక ఆంగ్లంలో ఆ పద్ధతి అంతరించి, కొన్ని జంటలు మాత్రమే అవశేషాలుగా మిగిలాయి: ‘లై-లే’, ‘సిట్-సెట్’, ‘ఫాల్-ఫెల్’. ‘రైజ్’ ఆంగ్లంలో మొదటి నుండి ఉన్న మాట కాగా, ‘రెయిజ్’ ప్రాచీన నార్స్ భాష నుండి వచ్చి దానికి జోడుగా స్థిరపడింది. మిగిలిన క్రియలలో ఆంగ్లం ఈ భేదాన్ని రూపంలో చూపదు. మారు, మార్చు రెండింటికీ ‘చేంజ్’ ఒక్కటే. కాలు, కాల్చు రెండింటికీ ‘బర్న్’ ఒక్కటే. ఇవి ముందుగా నేర్చుకొన్న విద్యార్థి ఆంగ్లంలో అకర్మక-సకర్మక భేదమే లేదని తెలియకుండానే నిర్ధారించుకొంటాడు. ఆ తరువాత ఎదురైన ‘రైజ్’, ‘రెయిజ్’ అతనికి ఒకే మాటకు రెండు స్పెల్లింగులుగా తోస్తాయి.

‘లై-లే’ జంటలో మరొక చిక్కు ఉంది. ‘పడుకొను’ అనే అర్థమున్న ‘లై’కి భూతకాల రూపం ‘లే’. అదే రూపం ‘పడుకోబెట్టు’, ‘ఉంచు’ అనే అర్థాల్లోని క్రియకు మూలరూపం. ఆ రెండవ క్రియకు భూతకాలం ‘లెయిడ్’. ఆంగ్లేయులు సైతం ఇక్కడ తడబడతారు. తెలుగు విద్యార్థి ‘పడుకొన్నాడా, పడుకోబెట్టాడా’ అని తన వాక్యాన్ని తానే ప్రశ్నించుకొంటే ఏ క్రియ కావాలో తేలుతుంది. ఆపై కాలరూపాన్ని విడిగా సరిచూసుకోవచ్చు.

6. ప్రత్యయాలలో ఉన్న భేదం

6.1 ‘సిన్స్-ఫర్’

‘2019 నుండి ఇక్కడ ఉన్నాను’, ‘ఐదేళ్ళ నుండి ఇక్కడ ఉన్నాను’ అనే రెండు వాక్యాలలోనూ ‘నుండి’ ఉంది. మొదటిది ఆరంభ బిందువు, అక్కడ ‘సిన్స్’ కావాలి. రెండవది కాలవ్యవధి, అక్కడ ‘ఫర్’ కావాలి. ‘నుండి’ అంటే ‘సిన్స్’ అని నేర్చుకొన్న విద్యార్థి రెండవ వాక్యంలో పొరబడక తప్పదు.

కాలవ్యవధికి మాత్రమే చెల్లే మరొక ప్రయోగం తెలుగులో ఉంది. అది ‘గా’ ప్రత్యయం. ‘ఐదేళ్ళుగా ఉన్నాను’ అనవచ్చు. ‘2019గా ఉన్నాను’ అనలేము. ‘మూడు రోజులుగా వాన’ అనవచ్చు. ‘సోమవారంగా వాన’ అనలేము. కనుక ‘నుండి’ ఉన్న చోట ‘గా’ పెట్టి చూడాలి. నప్పితే ‘ఫర్’, నప్పకపోతే ‘సిన్స్’. ‘చాలాకాలంగా’ నప్పుతుంది, ‘చిన్నప్పటి నుండి’ అనే దానికి ‘గా’ నప్పదు. ఆంగ్ల నియమాన్ని వల్లించకుండానే విద్యార్థి సరైన పదాన్ని ఎన్నుకోగలుగుతాడు.

6.2 ‘బై-అంటిల్’, ‘ఫ్యూ-ఎ ఫ్యూ’

‘లోపు’, ‘వరకు’ అనే మాటలు ఇటువంటివే. దరఖాస్తు సోమవారం లోపు ఇవ్వాలంటే ‘బై’. కార్యాలయం సోమవారం వరకు తెరచి ఉంటుందంటే ‘అంటిల్’. గడువుకు ముందు ఒకసారి జరిగే పని మొదటిది, గడువు దాకా కొనసాగే స్థితి రెండవది. సంభాషణలో గడువును చెప్పడానికి కూడా కొందరు ‘వరకు’ వాడుతుంటారు. అటువంటప్పుడు ‘లోపు’ పెట్టి సరిచూడటం అవసరం.

‘ఫ్యూ’, ‘ఎ ఫ్యూ’ భేదాన్ని పాఠ్యపుస్తకాలు నిరాశ, ఆశ అనే భావాలతో వివరిస్తుంటాయి. తెలుగులో ఆ పనిని ఏకారం చేస్తుంది. ‘కొద్దిమందే వచ్చారు’ అన్నప్పుడు చాలలేదన్న ధ్వని ఉంది, అది ‘ఫ్యూ’. ‘కొందరు వచ్చారు’ అన్నప్పుడు ఉన్నవారిని పేర్కొనడమే ఉంది, అది ‘ఎ ఫ్యూ’. ‘నీళ్ళు కొద్దిగానే ఉన్నాయి’, ‘నీళ్ళు కొంచెం ఉన్నాయి’ అనే వాక్యాల ద్వారా ‘లిటిల్’, ‘ఎ లిటిల్’ జంటనూ ఇలాగే వివరించవచ్చు.

6.3 అనుభవించేవారిని చూపే ‘కు’

‘హియర్’, ‘లిజన్’ రెండింటికీ ‘విను’ అనే అర్థం ఇవ్వడం పరిపాటి. ‘నాకు ఏదో చప్పుడు వినిపించింది’, ‘నేను పాట శ్రద్ధగా విన్నాను’ అనే వాక్యాలను పోల్చితే తేడా తెలుస్తుంది. మొదటి దానిలో వినాలన్న ప్రయత్నం లేదు. వ్యక్తి ‘నాకు’ అనే రూపంలో ఉన్నాడు. రెండవ దానిలో ప్రయత్నముంది. వ్యక్తి కర్తగా ఉన్నాడు. ‘వినిపించు’కు ‘హియర్’, ప్రయత్నపూర్వకమైన ‘విను’కు ‘లిజన్’ సరిపోతాయి. అలాగే ‘కనిపించు’ అనే దానికి ‘సీ’, ‘వైపు చూచు’ అనే దానికి ‘లుక్’, కదిలేదాన్ని కొంతసేపు గమనించడానికి ‘వాచ్’ దగ్గరవుతాయి. ఈ సూత్రానికి పరిమితి ఉంది. ‘ఆ వార్త విన్నాను’ అనే వాక్యంలో ‘విను’ ఉన్నా ఆంగ్లంలో ‘హియర్’ రూపమే వాడాలి. వార్త చెవిన పడటంలో ప్రయత్నం లేకపోవడమే దీనికి కారణం. కాబట్టి ప్రయత్నం ఉందా లేదా అన్నది అసలు ప్రశ్న. ఆ ప్రశ్నను గుర్తుచేసే సాధనం ‘కు’ ప్రత్యయం.

సంప్రదాయ వ్యాకరణం షష్ఠీ విభక్తిలో చేర్చిన ఈ ‘కు’ ప్రత్యయమే ‘బోర్డ్-బోరింగ్’ జంటనూ విడదీస్తుంది. ‘సినిమా బోర్‌గా ఉంది’, ‘నాకు బోర్‌గా ఉంది’ అనే వాక్యాలలో మాట ఒకటే. ‘నాకు’ ఉన్న చోట విసుగును అనుభవించేవాడు ఉన్నాడు, అక్కడ ‘బోర్డ్’ కావాలి. విసుగు పుట్టించేది సినిమా, అది ‘బోరింగ్’. ‘ఐ యామ్ బోరింగ్’ అన్న విద్యార్థి తన సాంగత్యం ఇతరులకు విసుగు పుట్టిస్తుందని చెప్పుకొన్నట్లవుతుంది. ‘ఇంట్రెస్టెడ్-ఇంట్రెస్టింగ్’, ‘కన్‌ఫ్యూజ్డ్-కన్‌ఫ్యూజింగ్’ జంటలకూ ఇదే కొలబద్ద వర్తిస్తుంది.

‘సే-టెల్’ విషయంలో తెలుగులోని ‘అను’, ‘చెప్పు’ క్రియలు తోడ్పడతాయి. పలికిన మాటలకు ప్రాధాన్యముంటే ‘అన్నాడు’, వినేవారికి విషయం చేరవేయడం ప్రధానమైతే ‘నాకు చెప్పాడు’ అంటాము. ‘అను’ చాలావరకు ‘సే’కు, ‘ఫలానావారికి చెప్పు’ అనేది ‘టెల్’కు సమీపంగా ఉంటాయి. తెలుగులో వినేవారిని చెప్పకుండా ‘ఆయన చెప్పాడు’ అనవచ్చు. ఆంగ్లంలో ఒకరు అన్న మాటను నివేదించేటప్పుడు ‘టెల్’ వెంట వినేవారు సాధారణంగా ఉండి తీరాలి. అలా లేనప్పుడు ‘సే’ వాడాలి.

7. తెలుగు దారి మళ్ళించే సందర్భాలు

పై ఉదాహరణలను బట్టి తెలుగు ప్రతిచోటా తోడ్పడుతుందని భావించడం సరికాదు. ‘తప్పు చేయు’, ‘పని చేయు’, ‘ప్రయత్నం చేయు’, ‘మేలు చేయు’ అన్నింటిలోనూ క్రియ ఒకటే. ఆంగ్లంలో తప్పుకూ ప్రయత్నానికీ ‘మేక్’, పనికీ మేలుకూ ‘డూ’. ఈ చీలికను పట్టించే గుర్తు తెలుగులో లేదు. ఇటువంటి చోట నిర్వచనాలు ఎన్ని ఇచ్చినా ఫలితం స్వల్పం. నామంతో కలిపి పదబంధంగా నేర్పడమే మార్గం.

తెలుగులో విశేషణార్థానికి ‘గా’ చేర్చి క్రియావిశేషణం చేయడం విస్తృతమైన పద్ధతి. ‘గా’కు సమానం ‘లీ’ అనుకొన్న విద్యార్థి ‘కష్టపడి పనిచేస్తాడు’ అనే అర్థంలో ‘హి వర్క్స్ హార్డ్‌లీ’ అంటాడు. దాని అర్థం పని దాదాపు చేయడని. ‘లేట్’, ‘లేట్‌లీ’ జంటలోనూ ఇదే ప్రమాదముంది. ఆలస్యంగా రావడం మొదటిదైతే, ఇటీవల అనేది రెండవది.

సెలవు తీసుకొనేటప్పుడు ‘వెళ్తాను’ అనడం అశుభమని తెలుగువారు ‘వస్తాను’, ‘వెళ్ళొస్తాను’ అంటారు. ఈ మర్యాదను యథాతథంగా ఆంగ్లంలోకి తెచ్చి ‘కమ్’ వాడితే, ఎదుటివారు తిరిగి రాక కోసం ఎదురుచూస్తారు. ఇది వ్యాకరణం కంటే సంస్కృతికి సంబంధించిన తడబాటు.

8. అరువుపదాలు తెచ్చే తడబాటు

తెలుగులో స్థిరపడిన ఆంగ్లపదాలు తెలిసిన మాటలన్న భ్రమను కల్పిస్తాయి. తరగతిలో ‘డౌట్’ అంటే అడగవలసిన ప్రశ్న, అర్థం కాని అంశం. ఆంగ్లంలో దాని ప్రధానార్థం నమ్మకం లేకపోవడం. విదేశీ ఆచార్యుని ఉపన్యాసం తరువాత పరిశోధక విద్యార్థి ‘డౌట్’ ఉందని లేచి చెబితే, వక్త వాదన మీద తనకు విశ్వాసం లేదన్న అర్థం ధ్వనించే అవకాశముంది. అక్కడ కావలసిన మాట ‘క్వశ్చన్’. ‘సెంటిమెంట్’ తెలుగు వ్యవహారంలో శకునాల మీద నమ్మకంగానో, విడువలేని మమకారంగానో స్థిరపడింది. ఆంగ్లంలో అది భావన, అభిప్రాయం అనే విస్తృతార్థాల్లో వాడబడుతుంది. ‘కరెంటు’ తెలుగులో విద్యుత్తే. ఆంగ్లంలో అది నీటి ప్రవాహమూ కావచ్చు, ‘ప్రస్తుత’ అనే విశేషణమూ కావచ్చు.

ఇవి తెలుగులో దోషాలు కావు. అరువుపదం కొత్త భాషలో కొత్త అర్థం సంతరించుకోవడం సహజ పరిణామం. సంస్కృత తత్సమాలు అనేకం తెలుగులో అర్థం మార్చుకొన్నాయి. విద్యార్థి చేయవలసినది ఆ మాటను తెలుగుపదంగా ఒకసారి, ఆంగ్లపదంగా మరొకసారి, రెండు వేర్వేరు ఆరోపాలుగా గుర్తుంచుకోవడం.

9. బోధనాక్రమం

తడబడే పదాలను జంటగా ఒకేసారి పరిచయం చేయడం బోధనలో స్థిరపడిన పద్ధతి. పరిశోధన దీనిని సమర్థించదు. అర్థసంబంధమున్న కొత్త పదాలను ఒకే గుంపుగా నేర్చుకొన్నప్పుడు అభ్యసనం మందగిస్తుందని థామస్ టింక్‌హామ్ 1993లో, రాబ్ వేరింగ్ 1997లో ప్రయోగపూర్వకంగా చూపారు. పాల్ నేషన్ 2000లో ఈ ఫలితాలను సమీక్షించి, అటువంటి పదాలను వేర్వేరు సమయాలలో పరిచయం చేయాలని సూచించాడు. రెండు పదాలూ కొత్తవైనప్పుడు ఏ అర్థం దేనిదో మనస్సులో అల్లుకుపోవడమే ఇందుకు కారణం.

దీనిని బట్టి బోధనను నాలుగు దశలుగా రూపొందించుకోవచ్చు. మొదటి దశలో, జంటలో ఎక్కువగా వాడుకలో ఉన్న పదాన్ని ఒంటరిగా, వాక్యాలలో, స్థిరపడేవరకు నేర్పాలి. రెండవ దశలో కొంతకాలం గడిచాక రెండవ పదాన్ని దాని సొంత సందర్భంలో పరిచయం చేయాలి. మూడవ దశలో తడబాటు కనిపిస్తే అది ధ్వని వల్లనా, అర్థం వల్లనా, అరువుపదం వల్లనా అని నిర్ధారించుకోవాలి. నాలుగవ దశలో తగిన సాధనాన్ని ఇవ్వాలి: ధ్వనికి ఉచ్చారణ, అర్థానికి తెలుగు క్రియ లేదా ప్రత్యయం, తెలుగులో ఆధారం లేనిచోట పదబంధం, అరువుపదానికి రెండర్థాల పోలిక. పట్టిక రూపంలోని జంటలు ఈ దశలన్నీ ముగిశాక పునశ్చరణకు ఉపకరిస్తాయి.

2020 జాతీయ విద్యావిధానం ద్విభాషా బోధనను ప్రోత్సహించింది. ఈ క్రమంలో తెలుగు అధ్యాపకుని పాత్ర కీలకమవుతుంది. అకర్మక-సకర్మక భేదం, ప్రేరణం, విభక్తి ప్రత్యయాలు, తాలవ్య-దంత్య భేదం తెలుగు తరగతిలో బోధించేవే. అదే వారంలో ఆంగ్ల తరగతిలో ‘రైజ్-రెయిజ్’ ఉందని తెలిసిన తెలుగు అధ్యాపకుడు ‘పెరుగు-పెంచు’లను అక్కడే ప్రస్తావించగలడు. ఇందుకు కావలసినది రెండు శాఖల నడుమ కొద్దిపాటి సమన్వయమే.

10. ముగింపు

ఆంగ్ల పదజంటల వద్ద తెలుగు విద్యార్థి తడబాటు ఒకే రకమైనది కాదు. ధ్వనిమూలకమైన వాటిలో కొన్నింటికి తెలుగు లిపి, ఉచ్చారణ కారణం. మరికొన్ని ఆంగ్లేయులకూ సమానమే. అర్థమూలకమైన వాటిలో ‘డూ-మేక్’ వంటివి తెలుగులో ఆధారం లేనివి. ‘లెండ్-బారో’, ‘రైజ్-రెయిజ్’, ‘సిన్స్-ఫర్’, ‘బోర్డ్-బోరింగ్’ వంటి వాటికి కావలసిన భేదాన్ని మాత్రం విద్యార్థి తన భాషలో ప్రతిదినం తప్పులేకుండా పాటిస్తూనే ఉన్నాడు. వెంట వచ్చే క్రియనూ ప్రత్యయాన్నీ వదిలి, ఒంటరి నామాన్ని అర్థంగా అందించే పద్ధతి వల్ల అతని చేతిలోని సాధనం అతనికే అక్కరకు రావడం లేదు.

కనుక ‘తెలుగులో ఆలోచించవద్దు’ అనే సూచనను సవరించుకోవలసి ఉంది. పూర్తి వాక్యంగా, క్రియతోనూ ప్రత్యయంతోనూ సహా తెలుగులో ఆలోచించిన విద్యార్థికి పై జంటలలో సరైన ఆంగ్లపదం సులభంగా దొరుకుతుంది. ఏ జంటలకు తెలుగు తోడ్పడుతుంది, ఏ జంటలకు తోడ్పడదు అనే వర్గీకరణను తరగతి స్థాయి దోషాల సేకరణతో విస్తృతం చేయడం, ప్రాంతీయ మాండలికాలను బట్టి ప్రత్యయాల వాడుకలోని తేడాలను పరిశీలించడం ఈ దిశలో జరగవలసిన తదుపరి పరిశోధనలు.